చుట్టూ కాలువలు, బాలింతకి నాలుగు గ్లాసులు

మా అమ్మాయి పురుడు పోసుకుని, పిల్లాణ్ణి ఎత్తుకుని హైదరాబాద్ వెళ్లిపోయి నెలన్నర అయింది. ఊయల విప్పేశాం. నులకమంచం మళ్లీ వసారాలోకి వచ్చేసింది. ఆ గది కిటికీలో స్టీలు జగ్గు ఒక్కటే మిగిలింది. రెండు లీటర్లది, మూత పక్కన చిన్న సొట్ట. వంటింట్లో పెట్టేద్దామని రోజూ అనుకుంటాను, పెట్టను.

నేను మా ఊరి బ్రాంచి పోస్టాఫీసులో పోస్టుమాస్టర్ని. పాలకొల్లుకి పది కిలోమీటర్లు ఉంటుంది మా ఊరు. ఏదైనా కాగితం మీద పెట్టకపోతే నాకు తోచదు. అందుకని అమ్మాయికి ఆరో నెల వచ్చినప్పటి నుంచి బిడ్డకి నలభయ్యో రోజు దాకా ఓ పాత డైరీలో అన్నీ రాశాను. రక్తం ఎంత, బీపీ ఎంత, ఏం తింది, ఎన్ని నీళ్లు తాగింది. "మీ అమ్మాయికి ప్రకృతి వైద్యం చేయించారంటగా, ఎలా ఉందండీ?" అని స్టాంపులకొచ్చినవాళ్లు కూడా అడుగుతున్నారు. కౌంటరు దగ్గర చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా పురుడు చెప్పాలి. 1994, మే నెల. వేసవిలో మా డెల్టాకి కాలువలు కట్టేస్తారని తెలిసిందే. ధవళేశ్వరంలో తలుపులు దించారంటే నాలుగు రోజుల్లో మా కాలువ అడుగు బయటపడుతుంది, పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. తాగడానికి చెరువు నీళ్లే. ఆ ఎండల్లో నన్ను పడమటింట్లో పడుకోబెట్టి, తలుపులు మూసి, చెవుల్లో దూది కుక్కి, తలకి గుడ్డ చుట్టి, మంచం కింద కుంపటి పెట్టారు. మే నెలలో కుంపటి! ఇప్పుడు ఎవరికైనా చెబితే నవ్వుతారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసనా ఉండదు, రంగూ ఉండదు. తల్లీబిడ్డా నిద్రలోనే పోవచ్చు. మేం బతికి బయటపడ్డాం అంతే.

అయినా ఆ వేడి కన్నా నాకు గుర్తున్నది దాహం. బాలింతకి నీళ్లు పనికిరావని మా మామ్మ శాసనం. తాగితే పొట్ట జారిపోతుంది, పచ్చి ఒంట్లో వాతం చేరుతుంది, పాల ద్వారా బిడ్డకి జలుబు చేస్తుంది. అందుకని రోజుకి నాలుగు గ్లాసులు, అదీ శొంఠి కొట్టి కాచినవి. గ్లాసంటే ఇప్పటి గ్లాసు కాదు, కాఫీ తాగే చిన్న ఇత్తడి గ్లాసు. అమ్మ కొలిచి పోసేది. నాన్నగారికి ప్రకృతి వైద్యం మీద గురి. భీమవరం ప్రకృతి ఆశ్రమంలో ఉండి వచ్చినవారు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని చెంబుడు నీళ్లు గటగటా తాగేవారు. గోడకి ఇవతల మంచం మీద పడుకుని ఆ గుటకలు లెక్కపెట్టేదాన్ని నేను. పురుడు ఆడవాళ్ల వ్యవహారం, అందులో ఆయన మాట చెల్లదు, ఆయన చెప్పేవారూ కాదు.

మూడో రోజు నుంచి నీళ్లు పోయడం మొదలైంది. పెరట్లో కొబ్బరాకుల తడిక, దాని వెనక నీళ్లపొయ్యి, గంగాళం నిండా వావిలాకు వేసి మరగకాచిన నీళ్లు. పోసేది ఓ ముసలమ్మ, ఊళ్లో సగంమందికి ఆవిడే పోసింది. చెంబు ఎత్తి నడుం మీద దబదబా కొట్టినట్టు పోస్తుంటే ప్రాణం లేచొచ్చేది, అది మాత్రం అబద్ధం చెప్పను. తల మీద పోసినప్పుడు నీళ్లు మొహం మీదుగా జారతాయి కదా. ఓ రోజు నోరు తెరిచేశాను. వావిలాకు చేదు, కుంకుడు నురగ, పసుపు, అన్నీ కలిసిన వేడినీళ్లు. రెండు గుటకలు మింగాను. మర్నాడు మూడు. ముసలమ్మ చూసింది. చెంబు ఒక్క క్షణం ఆగింది. ఏమీ అనలేదు. ఆ తర్వాత రోజు నుంచి చివరి రెండు చెంబులు ఆకు వేయని నీళ్లు, గోరువెచ్చనివి, మొహం మీద సన్నటి ధారగా పోసేది. ఎప్పుడు ఎక్కడ కాచి పక్కన పెట్టేదో నాకు తెలీదు. మా ఇద్దరి మధ్యా ఈ సంగతి మీద ఒక్క మాట నడవలేదు.

పదో రోజుకి ఒంటేలుకి వెళ్తే మంట, చలిజ్వరం. పాలకొల్లు తీసుకెళ్తే డాక్టరుగారు మొదట అడిగింది "నీళ్లు తాగుతున్నావా అమ్మా?" అని. అమ్మ నా కంటే ముందు "ఆయ్, తాగుతుందండీ" అంది.

ఇక అమ్మాయి సంగతి. మియాపూర్‌లో ఉంటారు. 2023 ఆగస్టు చివర్లో నాలుగో నెల. ఆఫీసులో ఎవరో చెప్పారని ఓ ఆదివారం ప్రకృతి జీవన శిబిరానికి వెళ్లింది. అక్కడ మైకు పట్టుకున్నాయన ఏం చదివాడో తెలీదు గానీ తెల్లటి లాల్చీ, తేనె లాంటి మాటట. ఐరన్ మాత్రలు రసాయనాలు, మానేయండి, బీట్‌రూట్ రసం చాలు, ఉప్పు వద్దు, వారానికో రోజు తేనె నిమ్మరసంతో ఉపవాసం ఉండండి, బిడ్డ శుద్ధిగా పుడుతుంది అన్నాడట. మా పిల్ల ఆరువారాలు అలాగే చేసింది. నాకు చెప్పలేదు, చెబితే రైలెక్కేస్తానని తెలుసు. దసరా రోజుల్లో పొయ్యి దగ్గర కళ్లు తిరిగి తూలిపోతే అల్లుడుగారు పట్టుకున్నారు. "అత్తయ్యగారూ, కంగారు పడకండి" అని ఫోను. ఆ మాట విన్నాక కంగారు పడకుండా ఎవరుంటారు? పాలకొల్లులో రాత్రి రైలెక్కి పొద్దున్నే లింగంపల్లిలో దిగాను.

రక్తం 9.2. మూడో నెలలో 10.6 ఉన్న పిల్ల. కడుపుతో ఉన్నవాళ్లకి 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. లేడీ డాక్టరుగారు గట్టిగానే చీవాట్లు పెట్టి రోజుకి రెండు ఐరన్ మాత్రలు రాశారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన పీహెచ్‌సీల్లో ఏఎన్‌ఎం ఉచితంగా ఇచ్చే ఎర్రమాత్ర కూడా అంతే బలం. నేను కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చినవి కొబ్బరిచెట్టు మొదట్లో పారేసేదాన్నని అప్పుడే బయటపెట్టాను, డాక్టరుగారు నన్నూ ఓ చూపు చూశారు.

కానీ అమ్మాయి మనసు ప్రకృతి వైద్యం మీదే ఉంది. ఆ మాత్రం తాతగారి పోలిక. మాన్పించాలని నాకూ లేదు. నిజంగా చదువుకున్నవాళ్ల దగ్గరికి వెళ్దామన్నాను. దీనికి చదువుందని చాలామందికి తెలీదు. బీఎన్‌వైఎస్ అని ఐదున్నరేళ్ల కోర్సు, చివరి ఏడాది హాస్పిటల్లో పని. హైదరాబాద్‌లో బల్కంపేట దగ్గర గాంధీ గారి పేరుతో కాలేజీయే ఉంది. అలా చదివిన ఓ డాక్టరమ్మాయిని వెతికి పట్టుకున్నాం. మా పిల్ల కంటే రెండేళ్లు పెద్దదేమో. ముందు రిపోర్టులన్నీ చూసింది, బీపీ తనే చూసింది. మా పిల్ల నసుగుతూ, "మాత్రలు ప్రకృతికి విరుద్ధం కదండీ" అంది. ఆ అమ్మాయి నవ్వి, "ఇనుము కూడా భూమిలోంచి తవ్వి తీసిందేనండీ. పంచభూతాల్లో పృథ్వి కాదా?" అంది. నాకు అప్పుడే గురి కుదిరింది.

ఆవిడ వద్దన్నవే ముందు డైరీకెక్కాయి. ఉపవాసం వద్దు. ఎనిమా వద్దు. ఆవిరిస్నానం, వేడినీళ్ల తొట్టి అసలే వద్దు. మొదటి నెలల్లో తల్లి ఒళ్లు బాగా వేడెక్కితే బిడ్డ వెన్నుపాము తయారీలో లోపం రావచ్చట. పొట్ట మీద మట్టిపట్టీ వద్దు. కపాలభాతి వద్దు, ఊపిరి బిగబట్టే ప్రాణాయామం ఏదీ వద్దు. నేను బిత్తరపోయి, "మరి మీ వైద్యంలో ఇంకేం మిగిలిందమ్మా?" అనేశాను. "నడక, నిద్ర, నీళ్లు, తిండి మిగిలాయి ఆంటీ. వాటికి ఎవరూ ఫీజివ్వరు" అంది.

ఆ మిగిలినవే చేసింది. పొద్దున్నా సాయంత్రం ఇరవైయేసి నిమిషాలు నడక. సాయంత్రం కాళ్లు గోరువెచ్చటి నీళ్ల బకెట్లో పెట్టి, తర్వాత దిండు మీద ఎత్తుగా పెట్టుకోవడం. ఎడమవైపు తిరిగి పడుకోవడం. సీతాకోకచిలుక రెక్కల్లా మోకాళ్లు ఆడించే ఆసనం. రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష, పొద్దున్న దోరజామకాయ, దానితో మలబద్ధకం దారికొచ్చింది. ఐరన్ మాత్ర వేసుకున్నాక నిమ్మకాయ నీళ్లు. పులుపుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మాత్రకి అటూ ఇటూ గంటసేపు కాఫీ, టీ ముట్టకూడదు. క్యాల్షియం మాత్ర వేరే పూట. ములగాకు తినిపిస్తే రక్తం ఊరుతుందని నేను వారానికి నాలుగు రోజులు ములగాకు పప్పు వండాను. మంచిదే, తినమంది డాక్టరమ్మాయి, కానీ ఆకుల్లో ఉన్న ఇనుములో ఒంటికి పట్టేది కొంచెమే కాబట్టి మాత్రకి బదులు కాదని చెప్పింది. డిసెంబరు ఆఖరుకి 10.9. ఆ అంకె కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశాను, పోస్టాఫీసు కలంతో.

మట్టిపట్టీ గురించి ఓ ముచ్చట. తలనొప్పిగా ఉందంటే నుదుటి మీద వేసుకోవచ్చంది డాక్టరమ్మాయి, అయితే ఓ షరతు. "ముందు బీపీ చూడాలి. 140, 90 దాటితే మట్టి కాదు, హాస్పిటలే." ఏడో నెల చివర్లో అమ్మాయి మా ఇంటికి వచ్చేసింది. మాది ఒండ్రునేల, మట్టికి కొదవేమిటనుకున్నాను. తీరా చూస్తే ఎరువులు పడని మట్టి, మూడు నాలుగడుగుల లోతు నుంచి తీసి ఎండబెట్టి జల్లించింది కావాలట. మా ఊళ్లో అలాంటి చోటు దొరకాలే! వరిచేలో యూరియా, పక్కన రొయ్యల చెరువులో వాళ్లు ఏం పోస్తారో ఆ దేవుడికే తెలియాలి. చివరికి సిద్ధాంతం అనే ఊరి అవతల గోదావరి లంకలో ఉండే మా ఆడపడుచు భర్తకి కబురు పెట్టాను. "కాటన్ దొర ఇన్ని కాలువలు తవ్విస్తే మీకు బుర్రెడు మట్టి దొరకలేదా వదినగారూ!" అని ఫోనులో ఒకటే నవ్వు. తెచ్చాడు లెండి, ఓ గోనెసంచి. వాడింది రెండుసార్లు. మిగిలిందాంట్లో గులాబీ మొక్క పెట్టాను.

నీళ్లూ అంతే. బోరు వేస్తే ఉప్పు. ఇరవై లీటర్ల టిన్ను నీళ్లే ఇప్పుడు ఊరంతా తాగేది.

ప్రకృతి వైద్యమనగానే అందరూ గాంధీగారి పేరెత్తుతారు. శిబిరం ఆయన కూడా ఎత్తాడట. నిజమే, గాంధీగారు తొట్టిస్నానాలూ మట్టిపట్టీలూ జీవితాంతం నమ్మారు. ఆ తొట్టిస్నానాలు చెప్పిన జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది, మనకీ పాత చుట్టరికమే. 1900లో డర్బన్‌లో ఆఖరి కొడుకు దేవదాసు పుట్టినప్పుడు గాంధీగారే స్వయంగా పురుడు పోశారు. అది చెప్పేవాళ్లు మిగతా సగం చెప్పరు. కాన్పుకి మంచి వైద్యసాయం ఉండాలని ఆయనా కస్తూర్బా ముందే అనుకున్నారు. నొప్పులు హఠాత్తుగా వచ్చాయి, డాక్టరు సమయానికి దొరకలేదు, మంత్రసానిని పిలుచుకొచ్చేలోపు ఆలస్యమైంది. అలాంటి అవసరం పడితే ఎలాగని ఆయన ముందే పుస్తకం చదివి నేర్చుకుని ఉన్నారు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నదిది. అమ్మాయికి చదివి వినిపించాను. "అయితే మా ఆయనకీ ఓ పుస్తకం ఇవ్వు" అంది. అల్లుడుగారు అక్కడి నుంచి జారుకున్నారు.

ఫిబ్రవరిలో నొప్పులొచ్చాయి. పద్నాలుగు గంటలు ఓర్చుకుంది, ఊపిరి సాధన అప్పుడు బాగానే అక్కరకొచ్చింది. తర్వాత బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందని ఆపరేషన్ చేశారు. ఇన్నాళ్లు నడిచి, ఆసనాలు వేసి, చివరికి కోతేనా అని మా పిల్ల తర్వాత చాలా బాధపడింది. బంధువులు కూడా "అయ్యో, ఆపరేషనా" అని పరామర్శకొచ్చినట్టే వచ్చారు. ఎదురుగా పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఇందులో అయ్యో అనుకోవడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

మత్తు దిగాక అది అన్న మొదటి మాట, "అమ్మా, నీళ్లు."

నాకు ఒళ్లు ఝల్లుమంది. నర్సు గడియారం చూసి, ఇంకా నాలుగు గంటలు ఆగాలమ్మా, కావాలంటే పెదాలు తడపండి అంది. దూది తడిపి పెదాల మీద అద్దుతూ కూర్చున్నాను. అది దూదిని పెదాలతో పట్టుకుని పీల్చేది. ముప్పై ఏళ్ల కిందట ఇదే దూదిని ఆముదంలో ముంచి ఈ పిల్ల నోట్లో పెట్టారు. ముర్రుపాలు పచ్చివి, అరగవని పిండి పారబోయించి, మూడు రోజులు ఆముదం, పంచదార నీళ్లు. ఈసారి పిల్లాణ్ణి గంటలోపే రొమ్ముకి పట్టించారు. పసుపుపచ్చగా నాలుగు చుక్కలు. నర్సు వాటిని మొదటి టీకా అంది. నాలుగు గంటలయ్యాక నేను గ్లాసు పట్టుకుంటే మా పిల్ల ఆపకుండా తాగేసింది.

ఇంటికొచ్చాక అసలు యుద్ధం మొదలైంది. మామ్మ పోయి ఇరవై ఏళ్లయింది, ఆ గద్దె మీద ఇప్పుడు మా అమ్మ ఉంది. ఎనభై దాటాయి. కుంపటి, సాంబ్రాణి పొగ, నడికట్టు, కాయం, అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. డాక్టరమ్మాయికి ఫోను చేసి ఒక్కొక్కటీ అడిగాను. కుంపటీ పొగా పసిపిల్లాడి గదిలో వద్దేవద్దు. కుట్లున్నాయి కాబట్టి పొట్ట మీద నూనె రుద్దడం, బిగించి కట్టడం వద్దు. తలకీ కాళ్లకీ నువ్వులనూనె పెట్టుకోవచ్చు. కుట్లు ఆరాక గోరువెచ్చటి నీళ్లతో వావిలాకు స్నానం భేషుగ్గా చేయొచ్చు. ఆరువారాలు పొట్ట బిగించే ఆసనాలేవీ వద్దు, మెల్లగా ఊపిరి తీసి వదలడం, మడమలు తిప్పడం, వసారాలో నడవడం చాలు. పిల్లాడికి తేనె నాకించకూడదు, ఏడాది నిండేదాకా. ఆముదం, వసకొమ్ము కూడా వద్దన్నారు పిల్లల డాక్టరుగారు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు. ఇది విని అమ్మ, "తల్లికి జగ్గులు జగ్గులు, బిడ్డకి చుక్కలేదా? మీది తలకిందుల పథ్యం" అంది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

అమ్మ పథ్యంలో చాలా మటుకు బంగారం. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, లేత బీరకాయ, పొట్లకాయ. నలభై రోజులు చీపురు పట్టనివ్వకపోవడం. చూడ్డానికొచ్చినవాళ్లని గుమ్మంలోనే నిలబెట్టి పంపేయడం. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము దంచి బెల్లంపాకంలో కలిపిన కాయం ఉసిరికాయంత ముద్ద పెడితే మా పిల్ల లొట్టలేసుకుని తింది. పెరుగు, పళ్లు, పప్పు వద్దన్నది మాత్రం నేను వినలేదు. ఆపరేషన్ అయినవాళ్లకి పుండు మానాలంటే మాంసకృత్తులు కావద్దూ?

నాకు దిగులేసిన సంగతి ఒకటుంది, పాలసొర చేప. బాలింతకి పాలు పడాలంటే మా సముద్రం పక్క ఊళ్లల్లో సొరపిట్టు పెట్టాల్సిందే. నరసాపురం నుంచి వచ్చే చేపలమ్మకి నెల ముందే చెప్పి పెట్టాను. ప్రకృతి వైద్యంవాళ్లకి చేపలే పడవు, ఆ డాక్టరమ్మాయి మాత్రం మీ అలవాటు మీది గానీ సొర వద్దంది. సముద్రంలో పెద్దచేపలు చిన్నచేపల్ని తిని తిని వాటి ఒంట్లో పాదరసం పేరుకుంటుందట. కడుపుతో ఉన్నవాళ్లూ పాలిచ్చేవాళ్లూ తినకూడని చేపల్లో సొర ముందుంటుంది. తరతరాలుగా పాల కోసమే పెట్టిన చేప! కవ్వలు, కానాగంతలు లాంటి చిన్నచేపలు తినొచ్చంది. చేపలమ్మ గంప దించి, "పాలసొర వద్దా! ఏం కాలమొచ్చిందే తల్లీ" అని నా మొహంలోకి జాలిగా చూసింది. కానాగంతల పులుసు పెట్టాను. పాలు బాగానే పడ్డాయి. నాలుగోనాడు రొమ్ములు రాయిలా గట్టిపడితే, పాలిచ్చే ముందు వెచ్చటి గుడ్డ, ఇచ్చాక చల్లటి గుడ్డ. పిల్లాడు ఎంత తాగితే అంత ఊరతాయి, అదే అసలు మందు అంది డాక్టరమ్మాయి. ఐదోరోజు కారణం లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది పిల్ల. రెండు వారాల్లో సర్దుకోకపోతే ఊరుకోవద్దు, చూపించాలి అన్నారు. సర్దుకుంది. విపరీతంగా రక్తం పోవడం, జ్వరం, తలనొప్పితో చూపు మసకబారడం, ఒక కాలు వాచి నొప్పెట్టడం, ఈ నాల్గింట్లో ఏది కనిపించినా ఎవర్నీ అడక్కుండా ఆటో ఎక్కించమని అల్లుడుగారు ఫ్రిజ్ తలుపు మీద అంటించి వెళ్లారు. కింద 108 అని పెద్ద అంకెలు.

ఇక నీళ్లు. మొదటి రోజే ఆ స్టీలు జగ్గు కొని మంచం పక్క స్టూలు మీద పెట్టాను. అమ్మ దాన్ని తీసి వంటింట్లో పెట్టింది. నేను మళ్లీ తెచ్చాను. అలా మూడు రోజులు జగ్గు ఇల్లంతా తిరిగింది. ఆ సొట్ట అప్పటిదే. నాలుగోరోజు డైరీ తీసి అమ్మ పక్కన కూర్చున్నాను. చూడమ్మా, తల్లిపాలల్లో నూటికి ఎనభై ఏడు పాళ్లు నీళ్లే. పిల్లాడు నిండుగా తాగడం మొదలెడితే రోజుకి ముప్పాతిక లీటరు దాకా పాలు పోతాయి. నువ్వు నాకు పోసిన ఇత్తడి గ్లాసు నిన్న కొలిచాను, నూట యాభై మిల్లీలీటర్లు. నాలుగు గ్లాసులంటే ఆరువందలు. లోపలికి ఆరువందలు, బయటికి ఏడువందల యాభై. పోస్టాఫీసులో ఇలాంటి లెక్క రాస్తే నన్ను మర్నాడే సస్పెండ్ చేస్తారు. మరీ కడవలు కడవలు తాగితే పాలు పెరుగుతాయనీ కాదు, దాహం వేసినప్పుడల్లా తాగాలి, మూత్రం లేతగా పోవాలి, అంతే. వావిలాకు స్నానం నీళ్లు తాగిన సంగతి కూడా అప్పుడే చెప్పాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఒత్తులు చేస్తోంది, చేస్తూనే ఉంది. తర్వాత తలెత్తకుండా, "నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ నాకు రెండు గ్లాసులే పోసింది. నీకు రెండింతలు పోశానే నేను" అంది.

నా దగ్గర జవాబు లేదు. డైరీ మూసేశాను. లోపల పిల్లాడు లేచి ఏడుస్తుంటే మా పిల్ల పాలు పడుతోంది. అమ్మ గోడ పట్టుకుని లేచి, గదిలోకి వెళ్లి, జగ్గు మూత తీసి లోపలికి తొంగి చూసింది.

"అడుగంటింది. నింపుకురా" అంది.